ప్లేయర్ ఆయన పేరు మీద ఉంది

జూన్ 3, ఆదివారం

మళ్ళీ మొండికేసింది. డిస్క్ పెడితే ట్రే లోపలికి లాక్కుంటుంది, గిర్రున తిప్పుతుంది, ఏదో ఆలోచిస్తున్నట్టు కాసేపు చుక్కలు చూపిస్తుంది, ఆఖరికి తాపీగా "డిస్క్ లేదు" అంటుంది. నోట్లో ముద్ద పెట్టుకుని అన్నం పెట్టలేదని ఏడ్చే పిల్లాడిలా ఉంది దీని వరస. తీసి తుడిచి పెట్టాను. ఇంకో డిస్క్ పెట్టాను. నెత్తి మీద ఒకటి మొట్టాను కూడా. ఊహూఁ.

ఆదివారం మధ్యాహ్నం సినిమా చూడకపోతే ఈ ఇంట్లో నేను చేసేది ఏముంది? గోడల వెంట టేపుతో అంటించిన తీగలు, మూలమూలకీ స్పీకర్లు, సోఫా పక్కన లావుపాటి ఊఫరు. హోమ్ థియేటర్ నా ముచ్చటే. ఆయన కొనిపెట్టారు, నేను బిగించుకున్నాను. ఏ తీగ ఎక్కడికి పోతుందో ఆయనకి ఈ రోజుకీ తెలీదు.

బట్టలు మడత పెట్టాను. ఇప్పటికే మడత పెట్టి ఉన్నవే.

జూన్ 4

కస్టమర్ కేర్ అమ్మాయికి నా నంబరు చెప్పాను. "ఈ నంబరు మీద ఏ వస్తువూ లేదండీ" అంది. లేకపోవడమేమిటి, ఎదురుగా ఉంటేనూ!

అప్పుడు గుర్తొచ్చింది. కొన్న రోజు షాపంతా తిరిగి నాలుగు రకాలు వినిపించుకుని, బేరమాడి, ఇదే కావాలని పట్టుబట్టింది నేను. ఆయన ఒక మూల స్టూలు మీద కూర్చుని కునికారు. తీరా బిల్లు రాసేటప్పుడు షాపువాడు నన్ను దాటి చూసి "సార్, మీ నంబరు?" అన్నాడు. ఆయన లేచి చెప్పారు. అలా ప్లేయర్ ఆయన పేరు మీద ఉంది.

"మెకానిక్ వచ్చినప్పుడు ఓటీపీ సార్ ఫోనుకే వస్తుందండీ" అంది అమ్మాయి.

"ఆయన ఊళ్ళో లేరు" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఊళ్ళోనే ఉన్నారు. వంతెనకి అవతల, వాళ్ళక్క ఇంట్లో. ఆఫీసుకి దగ్గరని. కొన్నాళ్ళే.

జూన్ 6

నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి సగం రోజు సెలవు పెట్టి ఎదురుచూశాను. మెకానిక్ భారీ మనిషి. మెట్లెక్కేసరికి ఆయాసంతో మాట రాలేదు. చెంబుడు నీళ్ళు తాగి, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, "ఓటీపీ చెప్పండి మేడమ్. అది కొట్టకుండా మూత తీయకూడదు" అన్నాడు.

"పనయ్యాక చెబితే కుదరదా?"

"పనయ్యాక ఇంకోటి వస్తుందండీ. అది చెబితేగానీ కంప్లెయింట్ మూసెయ్యడానికి లేదు. రెండూ కావాలి."

ఫోన్ చేశాను. ఆయన వెళ్ళాక నేను చేయలేదు, ఆయనా చేయలేదు. ఎవరు ముందు చేస్తారో చూద్దామని నాకు పంతం. ఆయనకి పంతం లాంటిదేమీ ఉన్నట్టు లేదు. మామూలుగా ఎత్తారు.

"చెప్పు."

"మీకో మెసేజ్ వచ్చుంటుంది. అందులో నంబరు చెప్పండి. ప్లేయర్ పాడైంది, మెకానిక్ వచ్చి కూర్చున్నాడు." ఒక్క గుక్కలో చెప్పేశాను, ఇంకెందుకో చేశాననుకుంటారేమోనని.

"ఉండు, చూస్తా." అవతల కాగితాలు జరుపుతున్న చప్పుడు, సొరుగు తీసిన చప్పుడు. కళ్ళజోడు కోసం.

"చొక్కా జేబులో చూసుకోండి."

"ఆఁ. ఉంది."

అంకెలు చదివారు, రెండేసి చొప్పున, మధ్యలో ఆగుతూ. నలభై ఏడు. కాస్త ఆగి, పదహారు. ఇంకాస్త ఆగి, సున్నా రెండు. దుకాణంలో సరుకులు చెప్పినట్టు చదువుతారు ఏ నంబరునైనా. నేను వాటిని మెకానిక్‌కి చెప్పడం మర్చిపోయి ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. "చెప్పండి మేడమ్, టైమైపోతే మళ్ళీ పంపాలి" అన్నాడు.

లోపల లెన్స్ మీద దుమ్మట. తుడిచి మూత బిగించి, మరల మీద కంపెనీ సీలు స్టిక్కరు అంటించేశాడు. రెండో ఓటీపీకి మళ్ళీ ఫోన్ చేశాను.

"ఏమైందట దానికి?"

"లెన్స్ మీద దుమ్ము."

"దానికి కూడా లెన్స్ ఉంటుందా?"

"ఉంటుంది. కందిగింజంత."

"అయితే నీ షాపులోనే ఇవ్వాల్సింది కదా, ఫ్రేమ్ కూడా వేసేదానివి" అని నవ్వారు. నేనూ నవ్వాను. కళ్ళజోళ్ళ షాపు మీద ఆయన వేసే జోకులకి ఇదివరకు నవ్వేదాన్ని కాదు. ఎన్నని నవ్వుతాం.

"తిన్నావా?" అన్నారు.

"తిన్నాను" అన్నాను. తినలేదు.

జూన్ 7

ప్లేయర్ బ్రహ్మాండంగా ఉంది.

జూన్ 10, ఆదివారం

మేనమామ సినిమా పెట్టాను. దాని పేరు ఎప్పుడూ గుర్తుండదు, మేమిద్దరం మేనమామ సినిమా అనే అంటాం. అంటే నేనంటాను. ఆయనకి దొంగ మేనమామేనని ఇంకా తెలీదు, సగంలో నిద్రపోయారు కాబట్టి.

ఏ సినిమా అయినా అంతే. చాప మీద వెల్లకిలా పడుకుని, ఆ పల్చటి దిండు మడిచి తలకింద పెట్టుకుని, "ఈసారి పూర్తిగా చూస్తాను" అంటారు. అరగంటకి గుర్రు. ఊఫరు దబదబా మోగుతున్నా చలించరు. నేను సౌండ్ తగ్గించుకుని చూస్తాను. పేర్లు పడుతుంటే లేచి కూర్చుని, కళ్ళు నలుపుకుంటూ, "డైరెక్టర్ గారూ, చివరికి ఏమైంది?" అంటారు. నేను కథంతా చెబుతాను, ఫైటింగులతో సహా. సినిమాకంటే నువ్వు చెప్పిందే బాగుంటుందనేవారు. నాకు తెలుసు అది సోమరితనమని. అయినా చెప్పేదాన్ని. వారమంతా ఆ మాట కోసమే ఎదురుచూసేదాన్నేమో కూడా.

మేనమామ సినిమా పెట్టిన ఆ ఆదివారం కూడా లేచారు. కళ్ళు నలుపుకున్నారు. చివరికి ఏమైందని అడగలేదు. "నేను కొన్నాళ్ళు అక్క దగ్గర ఉంటాను" అన్నారు. "సరే, వెళ్ళేముందు పాల ప్యాకెట్టు తెచ్చి పడెయ్యండి" అన్నాను. వేళాకోళమనుకున్నాను. పాలు తెచ్చి, ఫ్రిజ్‌లో పెట్టి, బ్యాగు తీసుకుని వెళ్ళారు.

నా తప్పేమిటని అడిగాను, గుమ్మంలో. "నీ తప్పేం లేదు. నాకే ఇక్కడ ఏదీ బాగుండటం లేదు" అన్నారు. తప్పుంటే దిద్దుకునేదాన్ని. లేనిదాన్ని పట్టుకుని ఏం చేసుకోను?

ఆఫీసుకి దగ్గర కాబట్టి వెళ్ళారు.

జూన్ 17, ఆదివారం

రెండు సినిమాలు వరసగా చూశాను. ఎక్కడా ఆగలేదు, ఒక్క గీత పడలేదు. ఒక్కసారి తుడిస్తే ఇంత కుదురుగా ఉంటుందని ఎవరనుకున్నారు? పాడైతే ఒక ఏడుపు, పాడవకపోతే ఇంకో ఏడుపు.

జూన్ 20

షాపులో ఒకావిడ కొత్త అద్దాలు చేతికివ్వగానే రెండు వేళ్ళూ అద్దాల మీదే ఆనించి పట్టుకుంది. "అమ్మా, కాడలు పట్టుకోండి, అద్దాలు కాదు. వేలికుండే జిడ్డు చాలు, లోకం మసకైపోవడానికి" అన్నాను. ఈ మాట రోజుకి ఎన్నిసార్లు అంటానో. పెద్దాయన, అంటే మా యజమాని, "నువ్వు లేని రోజు నేను మర్చిపోతానమ్మా ఈ డైలాగు" అని నవ్వాడు.

తర్వాత ఫ్రేములు వంచడానికి వేడిగాలి మిషన్ వేశాను. వేడి తగిలితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అంటించిన స్టిక్కర్లు కూడా చిరగకుండా ఊడొస్తాయి.

జూన్ 23

ప్లేయర్ మళ్ళీ పాడైంది. లెన్స్ మీద జిడ్డు చేరినట్టుంది. ఎలా చేరిందో ఏమో. కస్టమర్ కేర్‌కి చెప్పాను.

జూన్ 24, ఆదివారం

నా డైరీలో నాకే అబద్ధమా! సిగ్గు లేకపోతే సరి.

నేనే చేశాను. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో కంపెనీ సీలు వెచ్చబెట్టి, చిరగకుండా ఊడదీశాను. మరలు విప్పాను. మూత తీస్తే లోపల ఎంత శుభ్రంగా ఉందో. ఆ కందిగింజ నీలంగా మెరుస్తూ నా వైపే చూస్తోంది. చూపుడువేలు చెంపకి రుద్దుకుని, దాని మీద ఆనించాను. మెల్లిగా, పసిపిల్లకి చుక్క పెట్టినట్టు. మళ్ళీ మూత బిగించి సీలు అంటించేశాను. గొప్పగా కుదిరింది పని.

ఆయన మీద బెంగతో కాదు. ఆయన గొంతు వినాలి, అంతే. రెండు ఓటీపీలు, రెండు ఫోన్లు. భార్య భర్తకి ఊరికే ఫోన్ చేయకూడదా అంటే చేయవచ్చు. చేసి ఏమని చెప్పాలి? అంకెలు అడగడానికైతే కారణం ఉంది.

జూన్ 27

మెకానిక్ ఈసారి పొద్దున్నే వచ్చాడు. మొదటి ఓటీపీ ఆయనే చెప్పారు. "మళ్ళీనా?" అన్నారు. "దుమ్ము ఎక్కువగా ఉంది, వానలు ఇంకా సరిగ్గా పడలేదు కదా" అన్నాను. "కిటికీ వేసి ఉంచు. ఎదురుగా ఏదో కడుతున్నారుగా" అన్నారు. ఎదురింటి వాళ్ళు కడుతున్న సంగతి గుర్తుంది! ఇంటి సంగతి మనసులో లేనివాడికి ఎదురిల్లు గుర్తుంటుందా?

అక్కడ నడుం నొప్పిగా ఉందట. పడుకునేది హాల్లోనట. వాళ్ళింట్లో దిండ్లన్నీ ఎత్తట. నేను అడగలేదు, ఆయనే చెప్పారు.

రెండోసారి ఫోన్ చేస్తే వదిన ఎత్తింది.

"వాడు స్నానానికి వెళ్ళాడమ్మా. ఏం కావాలి?"

"ఓటీపీ వదినా. ఫరవాలేదు, ఆయన వచ్చాక చేస్తాను."

"అంకెలేగా. నాకు చదవడం వచ్చులే" అని, మొత్తం ఆరు అంకెలూ ఒక్క బిగిన చదివేసింది. ఫోన్ పెట్టేసింది.

మెకానిక్ సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. ప్లేయర్ బాగైపోయింది. ఇంత చాకిరీ చేసి, సీలు ఊడదీసి, మరలు విప్పి, ఆఖరికి వదిన గొంతు విన్నాను.

జూలై 2

అన్నం సయించడం లేదు. షాపులో కళ్ళజోడు అద్దం అరగదీస్తుంటే చెయ్యి జారి అంచు పెచ్చు లేచింది. ఆ అద్దం పనికిరాకుండా పోయింది. పెద్దాయన ఏమీ అనలేదు. అదే బాధగా ఉంది.

జూలై 7

మళ్ళీ వేలు పెట్టాను.

జూలై 10

మెకానిక్ ఈసారి మూత తీసి, టార్చి వేసి, చాలాసేపు లోపలికి చూశాడు.

"ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా మేడమ్?"

"లేరు."

గుడ్డతో తుడుస్తూ, "దుమ్మనే రాస్తాను" అన్నాడు. తర్వాత, "సార్ నంబరు తీయించేసి మీది పెట్టించుకోండి మేడమ్. సార్ ఒక్కసారి సర్వీసు సెంటర్‌కి వస్తే అయిపోతుంది. ప్రతిసారీ ఆయన్ని అడుక్కోవడం ఎందుకు?" అన్నాడు.

"పెట్టించుకోవాలి" అన్నాను. "ఆయనకి తీరిక లేదు."

"సార్ ఎక్కడుంటారు?"

"ఇక్కడే."

రెండో ఓటీపీకి ఫోన్ చేసినప్పుడు ఎలాగో ధైర్యం చేశాను. వెనక కుడివైపు స్పీకరు చిన్నగా మోగుతోందనీ, నా చెవికి తేడా తెలియడం లేదనీ, మీరొకసారి వచ్చి వింటే బాగుంటుందనీ చెప్పాను. స్పీకర్ల గురించి ఆయన్ని అడగడం! కుడిదేదో ఎడమదేదో తెలీని మనిషిని! ఆయనకీ అనిపించే ఉంటుంది.

"ఆదివారం వస్తాను" అన్నారు.

ఆదివారం వస్తారట.

జూలై 12

కర్టెన్లు ఉతికాను. చాప ఎండలో వేశాను. ఆ పల్చటి దిండుకి గలీబు మార్చాను. నీలం గళ్ళది, ఆయనకి ఇష్టమైనది.

జూలై 14

రేపు ఏం మాట్లాడాలో అనుకున్నాను. ఏమీ మాట్లాడకూడదు. సినిమా పెట్టాలి. మేనమామ సినిమా, ఆయన నిద్రపోయిన చోటి నుంచి, ఉంగరం పోయిందని పెళ్ళిలో గగ్గోలు పుడుతుందే, అక్కడి నుంచి. చాప మీద పడుకుంటారు, గుర్రు పెడతారు, పేర్లు పడుతుంటే లేస్తారు. "డైరెక్టర్ గారూ" అంటారు. ఒక్కసారి అలా అంటే చాలు, మిగతాది దానంతటదే సర్దుకుంటుంది. నాకు నమ్మకం ఉంది.

జూలై 15, ఆదివారం

వచ్చారు! వెళ్ళారు. రాస్తాను, వరసగా రాస్తాను.

బెల్లు కొట్టారు. తాళంచెవి ఆయన దగ్గర ఉంది కదా, అయినా బెల్లు కొట్టారు. చేతులు నిండుగా ఉన్నాయేమో అనుకున్నాను. ఖాళీగానే ఉన్నాయి. కాస్త చిక్కారు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, వదిన చేసి ఉంటుంది, మడత ఒకవైపు పోయింది.

నీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు వంటింట్లో సింకులో పెట్టి వచ్చారు. పుట్టి బుద్ధెరిగి ఈ ఇంట్లో ఏనాడూ ఆ పని చేయలేదు.

"ఏ స్పీకరు?" అన్నారు. చూపించాను. దాని పక్కన చెవి పెట్టి, "మోగుతోందిగా" అన్నారు. "ఇప్పుడు మోగుతోంది. సినిమా నడుస్తుంటే తగ్గిపోతుంది. చూడండి కాసేపు" అన్నాను. వాచీ చూసుకున్నారు, నేను చూడటం లేదనుకుని. చాప పరిచి, దిండు వేసి ఉంది. ఆయన సోఫాలో కూర్చున్నారు. అంచున. వెనక్కి వాలలేదు.

ఉంగరం పోయిన చోటి నుంచి పెట్టాను. ఆయన నిద్రపోతారని సౌండ్ ముందే తగ్గించి ఉంచాను.

నిద్రపోలేదు! మొత్తం చూశారు. కన్నార్పకుండా చూశారు. పోలీసు వచ్చాడు, వంటమనిషిని పట్టుకున్నాడు, పెళ్ళికొడుకు అలిగాడు, మేనమామ బయటపడ్డాడు. "మేనమామే అనుకున్నాను, మొదట్నుంచీ వాడి చూపు అదోలా ఉంది" అన్నారు. పేర్లు పడేదాకా కూర్చున్నారు. నాతో కలిసి ఒక సినిమా చివరిదాకా చూడటం ఇదే మొదటిసారి. ఎంత శ్రద్ధగా చూశారో! ఇదివరకు ఒళ్ళు మరిచి పడుకునేవారు, ఇప్పుడు నా కోసం మేలుకున్నారు. మారారు. మారకపోతే ఎందుకు చూస్తారు?

వెళ్తూ, "స్పీకరు బాగానే ఉంది" అన్నారు. తర్వాత చాప వైపు చూసి, "ఆ దిండు తీసుకెళ్ళనా? అక్కడ మెడ పట్టేస్తోంది" అన్నారు.

"అయ్యో, తీసుకెళ్ళండి" అన్నాను. గలీబు కొత్తది కూడా మార్చి ఉంచాను కదా.

దిండు చంకలో పెట్టుకుని మెట్లు దిగారు. బాల్కనీ లోంచి చూశాను. మా దిండు లేకపోతే ఆయనకి నిద్రపట్టదు. ఎంతైనా మా ఇంటి దిండు.

జూలై 16

పొద్దున్నే పెద్దాయనతో, "మా ఆయన నిన్న వచ్చారండీ" అన్నాను. "ఎక్కడి నుంచి?" అన్నాడు. ఆయనకి నేనేమీ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. "ఊరి నుంచి" అన్నాను.

జూలై 19

ఇవాళ షాపులో ఒకామె ఫ్రేములు చూస్తోంది. గంట నుంచి చూస్తోంది. ఒకటి పెట్టుకుంటుంది, అద్దంలో చూసుకుంటుంది, తీసేస్తుంది. ఆవిడ భర్త కుర్చీలో కూర్చుని నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, హాయిగా. ఆవిడ ఒక ఫ్రేమ్ పెట్టుకుని ఆయన్ని మోచేత్తో పొడిచింది. కళ్ళు తెరిచి, "ఇదే బాగుంది" అని మళ్ళీ పడుకున్నాడు. అసలు చూడలేదు. ఆవిడ నా వైపు తిరిగి, "ఎక్కడికి తీసుకెళ్ళినా ఇంతేనండీ. ఇల్లనుకుంటాడు" అంది.

ట్రేలో ఫ్రేములు సర్దుతూ ఉండిపోయాను.

ఇల్లనుకుంటే నిద్రపోతారు. ఆదివారం నాడు నా ఎదురుగా కూర్చున్న మనిషి సోఫా అంచున, చొక్కా నలగకుండా, ఎవరింటికో చూడటానికి వచ్చినట్టు కూర్చున్నారు. మర్యాదకి మేలుకున్నారు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళే గ్లాసు తీసి సింకులో పెడతారు. వాళ్ళే బెల్లు కొడతారు. నేను మూర్ఖురాలిని, మారారని నాలుగు రోజులు మురిసిపోయాను.

దొంగెవరో కూడా ఆయనకి తెలిసిపోయింది ఇప్పుడు. అడగడానికి ఏమీ మిగల్లేదు. దిండు కూడా ఇచ్చి పంపాను, నా చేతులతో.

ఏడ్చాను. షాపు వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషన్ వేసుకుని, దాని చప్పుడులో ఏడ్చాను.

జూలై 22, ఆదివారం

ఏ సినిమా పెట్టలేదు.

జూలై 23

పెట్టాను. వేలు. ఈసారి చెంపకి రుద్దుకోనక్కర్లేకపోయింది, కళ్ళ తడే సరిపోయింది. కంప్లెయింట్ ఇచ్చాను. శుక్రవారం మెకానిక్ వస్తాడట. శుక్రవారం ఫోన్ చేసినప్పుడు అడుగుతాను. సూటిగా. వస్తారా, రారా అని. ఓటీపీ అడిగి, ఆ వెంటనే. అంకెలు చెప్పాక ఎలాగూ ఒక క్షణం ఆగుతారు, అప్పుడు.

జూలై 25

షాపులో ఉండగా ఫోనుకి మెసేజ్ వచ్చింది. మక్కీకి మక్కీ రాస్తున్నాను.

"ప్రియమైన కస్టమర్, మీ కోరిక మేరకు ఈ ఉత్పత్తికి యజమానిగా మీ నంబరు నమోదైంది. ఇకపై సేవా సందేశాలన్నీ ఈ నంబరుకే వస్తాయి. ధన్యవాదాలు."

నా కోరిక!

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. వెళ్ళాక మొదటిసారి, ఆయనంతట ఆయన.

"మెసేజ్ వచ్చిందా?"

"వచ్చింది."

"సర్వీసు సెంటర్‌కి వెళ్ళి మార్పించాను. మధ్యాహ్నమంతా లైన్లో నిలబడాల్సి వచ్చింది. ఇక నీకు ఇబ్బంది ఉండదు, ప్రతిదానికీ నాకు చేయక్కర్లేదు."

గ్యాస్ కోసమైనా, కరెంటు బిల్లు కోసమైనా, ఆయన జీవితంలో ఒక లైన్లో నిలబడి ఎరగరు. అన్నిటికీ నేనే నిలబడేదాన్ని. దీనికి నిలబడ్డారు. నా మీద దయతోనే చేశారు, ఆ గొంతులో కోపం లేదు, విసుగు లేదు. కోపం ఉన్నా బాగుండేది.

అడగాలనుకున్నది అడగలేదు. అడగక్కర్లేదు.

"మంచి పని చేశారు" అన్నాను.

"వారంటీ కాగితాలు అల్మారాలో పై అరలో ఉంటాయి" అన్నారు.

"తెలుసు" అన్నాను. వాటిని అక్కడ పెట్టింది నేనే.

జూలై 27

మెకానిక్ వచ్చాడు. ఆయాసపడ్డాడు, నీళ్ళు తాగాడు, కూర్చున్నాడు. "ఓటీపీ మేడమ్" అన్నాడు.

అలవాటు కొద్దీ ఫోన్ తీసి ఆయన పేరు మీద వేలు పెట్టబోయాను. అంతలో నా చేతిలోనే మోగింది. చూశాను. ఆరు అంకెలు.

"యాభై మూడు" అన్నాను. ఆగాను. "ఇరవై ఎనిమిది" అన్నాను. ఆగాను.

"ఒకేసారి చెప్పేయండి మేడమ్."

ఒకేసారి చెప్పేశాను.

మూత తీసి టార్చి వేశాడు. తుడిచాడు. "నంబరు మార్పించుకున్నారన్నమాట. మంచిదైంది" అన్నాడు. రెండోది కూడా నా ఫోనుకే వచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇక పాడవదులెండి" అన్నాడు. అడిగాడో, చెప్పాడో తెలీలేదు.

"పాడవదు" అన్నాను.

జూలై 29, ఆదివారం

కొత్త డిస్క్ తెచ్చాను. మా ఇద్దరిలో ఎవరూ చూడనిది. సోఫాలో కూర్చోబుద్ధి కాలేదు, చాప పరుచుకున్నాను. దిండు లేదు కాబట్టి దుప్పటి మడిచి తలకింద పెట్టుకున్నాను. చాప మీద పడుకుని చూస్తే బొమ్మ కాస్త వంకరగా కనిపిస్తుందని ఇన్నేళ్ళకి తెలిసింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

కథ బాగానే మొదలైంది. ఇద్దరు అన్నదమ్ములు, ఒక పాత పడవ. చిన్నవాడు పడవ అమ్మేద్దామంటాడు, పెద్దవాడు వద్దంటాడు. తర్వాత నిద్రపోయాను. నేను! సినిమాలో కన్నార్పి ఎరగని దాన్ని.

లేచేసరికి సినిమా అయిపోయి, డిస్క్ మొదటి పేజీకి వచ్చేసింది. అక్కడ వచ్చే చిన్న ముక్క సంగీతమే అయిపోతోంది, మళ్ళీ మొదలవుతోంది, అయిపోతోంది. ఎంతసేపటి నుంచి మోగుతోందో. కిటికీలో ఎండ గోడ మీదికి జరిగిపోయింది. సౌండ్ ఎవరూ తగ్గించలేదు.

లేచి కూర్చుని కళ్ళు నలుపుకున్నాను. సోఫా వైపు తిరిగి, "చివరికి ఏమైంది?" అన్నాను. పైకే అన్నాను.

లేచి, డిస్క్ తీసి డబ్బాలో పెట్టేశాను. ప్లేయర్ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది.